రసం చేసిన చెయ్యి

"ఆ గుత్తి కొయ్యబాక, ఇంకా పసరుగా ఉండాది" అన్నాడు జకరయ్య నులక మంచం మీద నుంచి.

ఆ గుత్తిని కోసి గంపలో వేసుకొని అప్పటికే పది నిమిషాలయింది ఎలిశబెతు. "సరే మామా" అని, ముక్కాలిపీట జరుపుకొని ఇంకో గుత్తి అందుకొనింది. మామకు ఎడమ కంట్లో పొర. కుడి కంట్లో కూడా పొరే, అయితే దాన్ని ఆయన ఒప్పుకోడు.

పదకొండేళ్ళుగా బెతనీపాలెంలో ద్రాక్షరసం ఇట్టానే తయారవతా ఉంది. జకరయ్య మంచం మీద కూర్చొని చేస్తాడు. ఆయన కోడలు ఎలిశబెతు కోస్తుంది, కడుగుతుంది, తొడిమలు తీస్తుంది, పిసుకుతుంది, కాస్తుంది, వడగడుతుంది, సీసాల్లో పోసి బిరడాలకు మైనం వేస్తుంది. మిగతాదంతా ఆయనే.

మైపాడు బాట దిగి ఇసకలో ఫర్లాంగు నడిస్తే, సర్వి చెట్ల తోపుకు ఈ పక్క, ముప్పై గుంజల పందిరి అది. జకరయ్య నాయన అబ్రహాముకు ఎప్పుడో మిషను దొర చేతికిచ్చిన ఒక్క కొమ్మ, ఉప్పుగాలిలో ఎట్టా బతికిందో బతికింది. పండు పులుపు, తొక్క మందం, అంగట్లో పెడితే కాకి కూడా ముట్టదు. అయినా చుట్టుపక్కల పదకొండు సంఘాల్లో ఆరాధనలో ప్రభు బల్ల దగ్గర రొట్టెతో పాటు పోసేది ఈ పండు రసమే. అదీ పులియని రసం. వీళ్ళు బాప్టిస్టులు. కల్లు అనాల్సి వస్తే 'ఆ చెట్టు నుంచి దిగేది' అంటారు. దానికి తోడు సర్కారు నిషేధం వచ్చి పుష్కరం దాటింది. కాబట్టి రసాన్ని పులియకుండా చెయ్యడమే ఆ ఇంటి విద్య, ఆ ఇంటి పరువు.

అబ్రహాము పోయేముందు సంఘం ఎదుట ఒక కట్టు పెట్టిపోయినాడు. ఏ ఏడు రసం ఎవరి చేత్తో అయితే, ఆ ఏడు తోట మీద మాట వాళ్ళది. కొడుకులు కొట్టుకోకూడదని పెట్టిన కట్టు. సంఘం మినిట్సు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఆ ప్రకారం పదకొండేళ్ళుగా మాట మంచం మీద కూర్చున్న ఆయనదే, ఎందుకంటే చెయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఈ ఏడు మాత్రం జకరయ్య కొడుకు హెబ్రోను దిగినాడు. గూడూరులో అబ్రకం కంపెనీ గుమాస్తా. పది దినాలు సెలవు పెట్టి, ఇస్త్రీ ప్యాంటు వేసుకొని, ఒక గోనెసంచి నిండా నిమ్మ అంట్లు మోయించుకొని వచ్చినాడు.

"ఈ ఏడు రసం నేను చేస్తా నాయనా" అన్నాడు.

జకరయ్య ఆనందం పట్టలేకపోయినాడు. మంచం మీద నుంచి సగం లేచి మళ్ళా కూర్చున్నాడు. "చెయ్యి నాయనా. నాకు మాత్రం ఎంత కాలం ఓపిక ఉంటాది, ఈ చాకిరీ" అన్నాడు.

గోనెసంచి సంగతి ఎలిశబెతుకు ఒక్కదానికే తెలుసు. పొద్దున్నే వేప్పుల్ల నములుతా మొగుడే చెప్పినాడు. ఈ తీగె పీకేస్తా, నిమ్మ పెడతా, గూడూరు మార్కెట్టులో నిమ్మకాయకు ఉండే గిరాకీ నీకేం తెలుసు అని.

"మామకు తెలుసునా?"

"రసం నా చేత్తో కానియ్యి. ఆ తర్వాత నా మాటే గదా. అప్పుడు తెలుస్తాది."

ఎలిశబెతు తలెత్తి పందిరి వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ ఇంటికి వచ్చింది. మొగుడు నెలకు రెండు దినాలు కనపడే మనిషి, మామ మాట్లాడితే ఆజ్ఞ తప్ప మాట లేదు. ఈ పందిరి కిందే ఆమె తన బతుకంతా కూర్చొనింది. ఏ కొమ్మకు ఏ కణుపు దగ్గర కత్తి పెట్టాలో చీకట్లో కూడా చెప్పగలదు. దాన్ని పీకేస్తాడంట, నిమ్మకాయల కోసం. కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. కానీ కోపానికి ఆ ఇంట్లో పీట వేసేవాళ్ళు ఎవరూ లేరు గనక, గంప ఎత్తుకొని బావి దగ్గరికి పోయింది.

మధ్యాహ్నానికి పిసకడం అయింది. పెరట్లో కళాయి పోసిన పెద్ద డేగిసా పొయ్యి మీదికి ఎక్కించింది. అప్పుడు హెబ్రోను ముక్కుకు రుమాలు కట్టుకొని వచ్చి పొయ్యి ముందర కుర్చీ వేసుకున్నాడు. అవును, కుర్చీ. గరిటె పట్టుకున్నాడు గనక ఇక రసం ఆయన చేసినట్టే.

పావుగంట కాకముందే డేగిసా మీద ఆవిరి లేచింది. హెబ్రోను కళ్ళు తుడుచుకున్నాడు. "అయింది, దించు."

"ఇంకా ఎక్కడయింది, ఒక పొంగు కూడా రాలేదు" అనింది ఎలిశబెతు. "గంటన్నర కాగాల. మూడు పాళ్ళు రెండు పాళ్ళయి, నురుగు తెల్లబడి ఆగిపోవాల. లేకపోతే నిలవదు."

"ఆవిరయిపోయేది ఏంది? రసమే గదా. అరవై సీసాల రసాన్ని కాచి కాచి నలభై చేసే తెలివి మీది. మా కంపెనీలో ఇట్టా చేస్తే పొద్దుగూకేలోగా ఇంటికి పంపిస్తారు."

ఎలిశబెతు మంచం వైపు తిరిగింది. "మామా, గంటన్నర అని మీరే గదా చెప్తారు."

జకరయ్య కొడుకు వైపు చూసినాడు. కొడుకు ఆ ఇంట్లో ఒక పని చెయ్యడం ఆయన చూడడం అదే మొదటిసారి. నోటిదాకా వచ్చిన మాటను మింగినాడు. "ఈ ఏడు ఎండలు ఎక్కువ, పండు బాగా మాగింది. వాడు చదువుకున్నోడు గదమ్మా, పర్వాలేదులే" అన్నాడు.

దించినారు. ఆమే వడగట్టింది, మిషను ఆసుపత్రి వాళ్ళిచ్చిన పాత దగ్గుమందు సీసాల్లో ఆమే పోసింది, మైనం ఆమే కరిగించింది. అరవై సీసాలు. హెబ్రోను వాటిని కొట్టుగదిలో వరసగా పెట్టించి, తాళం వేసి, తాళంచెవి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. సాయంత్రం బజారుకు పోయి కనపడిన వాళ్ళందరికీ ఇరవై సీసాలు ఎక్కువ తీసినానని చెప్పుకొచ్చినాడు.

శుక్రవారం మధ్యాహ్నం, అన్నాలు తిని జకరయ్య కునుకు తీస్తా ఉంటే, కొట్టుగదిలో టప్‌మని చప్పుడయింది.

"ఎలక" అన్నాడు జకరయ్య కళ్ళు తెరవకుండా.

కాసేపటికి ఇంకోటి, ఇంకొంచెం గట్టిగా. అది పైకప్పుకు తగిలి కింద పడిన చప్పుడు కూడా వినపడింది.

"పంది కొక్కు" అన్నాడు.

వరసగా నాలుగైనాయి. జకరయ్య లేచి కూర్చున్నాడు, కానీ ఈసారి ఏ జంతువు పేరూ చెప్పలేదు.

ఎలిశబెతు తలుపు సందులో ముక్కు పెట్టి చూసింది. ఆ వాసన ఆమెకు తెలుసు. కాపరానికి వచ్చిన రెండో ఏట ముంత అడుగున మిగిలిన రసం రెండు దినాలు మరిచిపోయి, తీసి చూస్తే ఇదే వాసన. మామకు తెలియకుండా పెంటగుంటలో పారబోసి, ముంతను మూడుసార్లు బూడిదతో తోమింది. ఇప్పుడు ఒక గది నిండా ఉంది, పారబోయడానికి గుంట చాలదు.

"తాళంచెవి ఇయ్యండి" అనింది మొగుణ్ణి. "అన్నీ విప్పి మళ్ళా కాచేస్తా. ఇప్పుడైతే ఇంకా మించిపోలేదు."

"మైనం పగలగొట్టినామని తెలిస్తే పరువేం కావాల? అది ఉత్త గ్యాసు. సీసా అన్నాక గ్యాసు ఉంటాది. సోడా చూడలా నువ్వు?"

హెబ్రోను లోపలికి పోయి, ఎగిరిన బిరడాలన్నీ ఏరి మళ్ళా దిగ్గొట్టి, అరవై సీసాల మెడలకూ పురికొస బిగించి కట్టినాడు. బయటికి వచ్చేటప్పటికి చొక్కా మీద ఊదా మరకలు, ముఖాన గెలిచిన వాడి కళ.

శనివారం పొద్దున ఎలిశబెతు తలమీద కొంగు సర్దుకొని సమాధానం అయ్యగారి దగ్గరికి పోయింది. ఆయన బెతనీపాలెం సంఘ కాపరి, దాంతోపాటు మద్యపాన నిషేధ సంఘానికి అధ్యక్షుడు కూడా. ఏటా ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం ఆరాధన కాగానే తాగుడు మీద గంట ప్రసంగం చేసేది ఆయన పద్ధతి. ఆ ప్రసంగమే రాసుకుంటా ఉన్నాడు.

"అయ్యగారూ, రేపటి రసం పులిసింది. బల్ల మీద పెట్టబాకండి" అనింది.

అయ్యగారు కలం కింద పెట్టినాడు. కళ్ళద్దాల మీద నుంచి చూసినాడు.

"పులిసిందని నీకెట్టా తెలుసమ్మా?"

"వాసన అయ్యగారూ."

"పులిసిన దాని వాసన నీకెట్టా తెలుసు? పులిసింది ఎప్పుడన్నా పుచ్చుకున్నావా?"

ఎలిశబెతు కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కొనింది. దేనికి ఏమని చెప్పినా తప్పే. లోపల అయ్యగారి భార్య ఎస్తేరమ్మ బియ్యం ఏరడం ఆపి చెవులు పెట్టి వింటా ఉంది.

"హెబ్రోను చదువుకున్న పిల్లోడు. భర్త చేసిన పనిలో తప్పులు ఎంచకూడదు" అన్నాడు అయ్యగారు, మళ్ళా కలం తీసుకుంటా. "పోయిరా అమ్మా."

ఆమె పోయింది. కానీ అయ్యగారు అడిగిన ప్రశ్న మాత్రం ఇంటిదాకా ఆమె వెంటే వచ్చింది. ఎంత మంచి ప్రశ్న అది. ఎట్టాంటి మనిషి నోరైనా మూయించేస్తుంది.

మట్టలాదివారం ఈత మట్టలు పట్టుకొని పాలెమంతా తిరిగి వచ్చి, పదింటికి ప్రభు బల్ల దగ్గర చేరినారు. రొట్టె అయింది. పళ్ళేల్లో అంగుళమంత గాజు గ్లాసులు వరసలో చేయి మారినాయి. అందరూ కళ్ళు మూసుకొని తాగినారు. కళ్ళు తెరిచినాక మాత్రం ముఖాలు ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉండినాయి. ఒక పెద్ద దగ్గినాడు. వెనక వరసలో ఇద్దరు పడవల వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని వెంటనే తలకాయలు వంచుకున్నారు. డెబ్బై ఏళ్ళ రెబెక్కమ్మ, చెవుడు గనక ఆమె గుసగుస గుడి మొత్తానికీ వినపడుతుంది, పళ్ళెం పట్టుకున్న వాణ్ణి చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఇంకోటుందా నాయనా?"

ఎలిశబెతు నాలిక మీద ఆ చురుకు తగలగానే సిగ్గుతో చచ్చిపోయింది. ఇంతమంది ముందర ఎవరో తన ముఖాన ఉమ్మినట్టుగా అనిపించింది. పదకొండేళ్ళలో ఒక్క సీసా చెడిపోనియ్యలేదు.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. బల్ల మీదికి వచ్చిన రసం నేలన పొయ్యకూడదు, ఇంటికి తీసకపోకూడదు. ఆరాధన అయినాక వెనక గదిలో అయ్యగారూ ఇద్దరు పెద్దలూ ముగించాల. ఎప్పుడూ ఉండేది మనిషికి రెండు గుక్కలు. ఈసారి హెబ్రోను దర్జాగా ఎనిమిది సీసాలు పంపించినాడు. నాలుగు ఖర్చయినాయి. ఒకటి మైనం విప్పలేదు గనక బీరువాలో పెట్టినారు. విప్పిన సీసాలు మూడు మిగిలినాయి, తాగాల్సింది ముగ్గురు. ముగ్గురూ పొద్దుట నుంచి ఉపవాసం.

అరగంటకు అయ్యగారు ప్రసంగానికి బయటికి వచ్చినాడు. రాసుకున్న కాగితాలు చేతిలోనే ఉన్నాయి, కానీ వాటితో విసురుకుంటా ఉన్నాడు.

"తాగుబోతును అసహ్యించుకోబాకండి" అని మొదలు పెట్టినాడు. "వాడు చెడ్డవాడు కాదు. వాడు సంతోషంగా ఉంటాడు. ఈ సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

జనం నోళ్ళు తెరుచుకొని విన్నారు. పద్నాలుగేళ్ళలో ఆ ప్రసంగాన్ని నిద్రపోకుండా విన్నది అప్పుడే. అయ్యగారు తాగుబోతుల మీద జాలితో కన్నీళ్ళు పెట్టుకున్నాడు, వాళ్ళ భార్యల మీద జాలితో కన్నీళ్ళు పెట్టుకున్నాడు, తాటిచెట్ల మీద కూడా జాలిపడినాడు. అవి సృష్టి కావా అన్నాడు. ఆ మాటతో ఆయన చూపు తెరిచిన వాకిట్లోంచి బాట మీదికి పోయింది. అక్కడ సర్వి కట్టెల మోపు దించుకొని చెంగయ్య నిలబడి ఉన్నాడు. చెంగయ్య ఈ సంఘం మనిషి కాదు. నిషేధం రాకముందు కల్లు గీసేవాడు, ఇప్పుడు కట్టెలు కొడతాడు. అయ్యగారు గబగబా పోయి ఆయన్ను కావలించుకున్నాడు.

"చెంగయ్యా, నీ కడుపు కొట్టినాను, నన్ను క్షమించు" అన్నాడు.

చెంగయ్య ఆయన భుజం మీద నుంచి గాలి ఒకసారి పీల్చినాడు. ఇంకోసారి పీల్చినాడు. "దానికేముందిలే సామీ" అన్నాడు. ఎస్తేరమ్మ వచ్చి మొగుణ్ణి చెయ్యి పట్టుకొని ఇంటికి నడిపించుకొని పోయింది.

సోమవారం సాయంత్రం నాలుగింటికి బడిలో సంఘ పెద్దలు కూడినారు. అయ్యగారు తలకు తడిగుడ్డ చుట్టుకొని వచ్చి, అందరూ మెల్లగా మాట్లాడమని చేత్తో సైగ చేసినాడు. మిషను బడి పంతులు ఇశ్రాయేలు మాస్టారు మినిట్సు పుస్తకం తెరిచినాడు. ఈస్టరుకు పదకొండు సంఘాల వాళ్ళు గురువారం సీసాలకు వస్తారు. ఇయ్యాలా, వద్దా? అంతకంటే ముందు, ఆదివారం రసానికి ఏమయింది? అది తేలాల. జకరయ్య, హెబ్రోను ముందు బెంచీలో కూర్చున్నారు. ఎలిశబెతు గోడ వారన ఆడవాళ్ళతో కింద కూర్చొనింది.

"రసం ఎట్టా ఉండింది?" అని అడిగినాడు మాస్టారు.

పెద్దలు ఒకరి వెనక ఒకరు దగ్గినారు. వాళ్ళలో బొంగురు గొంతు పెద్ద ఒకాయన, "చురుగ్గా ఉండింది" అన్నాడు.

"చురుగ్గా అంటే?"

"నాలిక మీద చీమలు పాకినట్టు."

మాస్టారు చీమలు అని రాసి, చూసుకొని, కొట్టేసినాడు. "ఆ తర్వాత?"

"ఆ తర్వాత బాగానే ఉండింది."

"నాకు మోకాళ్ళ నొప్పి పోయింది" అని రెబెక్కమ్మ సాక్ష్యం చెప్పింది. "ఇది కూడా రాయి నాయనా."

ఇట్టా కాదని మాస్టారు, అసలు ఈ ఏడు రసం చేసిందెవరు అన్నాడు. వారం దినాలుగా బజారంతా చాటుకున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు గనక అందరూ హెబ్రోను వైపు చూసినారు. హెబ్రోను లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నేను ఊరికే పక్కన కుర్చీలో ఉండినాను. చేసిందంతా నా భార్య. కోసింది, పిసికింది, వడగట్టింది, మైనం వేసింది, అంతా ఆమే. పదకొండేళ్ళుగా ఆమే గదా చేసేది. నాయన్నే అడగండి."

అందరూ జకరయ్య వైపు తిరిగినారు. జకరయ్య కిందికి చూస్తా చేతికర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు. అవునని తల ఊపినాడు.

చూసినారా న్యాయం. పదకొండేళ్ళు రసం బాగుంటే అది జకరయ్య చెయ్యి. అరవై సీసాలయితే అది హెబ్రోను తెలివి. బిరడాలు ఎగిరినాయో లేదో, ఆ చెయ్యి కోడలిదయింది.  ఎలిశబెతు, డేగిసా దించమన్నది ఎవరో చెప్పేద్దామని గబుక్కున లేచింది. లేచి, మొగుడి ముఖం చూసింది, ఎదురుగా తెరిచిపెట్టిన పుస్తకం చూసింది. చూసి, చెప్పదలచుకున్న మాట మానుకొనింది.

"ఆయన చెప్పింది నిజమే. కోసింది నేను, పిసికింది నేను, వడగట్టి పోసింది నేను. రాసుకోండి మాస్టారూ" అనింది.

హెబ్రోను ఊపిరి వదిలినాడు. మాస్టారు కలం ముంచినాడు. "హెబ్రోను భార్య అని రాయనా, జకరయ్య గారి కోడలని రాయనా?"

"ఎలిశబెతు అని రాయండి."

మాస్టారు ఒక క్షణం ఆలోచించి అట్నే రాసినాడు.

"ఇప్పుడు చెప్పండి, రసంలో తప్పేముంది?" అనింది ఆమె.

"అది వేరే చెప్పాలామ్మా, అది" అని బొంగురు గొంతు పెద్ద మొదలుపెట్టి, చుట్టూ చూసి, ఆగిపోయినాడు.

"చెప్పండి అన్నా. అది ఏంది? దేని రుచి?" ఎలిశబెతు గొంతు పెంచలేదు. "ఎవరు చెప్పినా నేను ఒప్పుకుంటా. అయితే ఆ రుచి మీకెట్టా తెలుసో, అదొక్కటి కూడా చెప్పండి. మొన్న అయ్యగారు నన్ను అదే అడిగినారు."

 పదిహేను మంది పెద్దమనుషులు పదిహేను దిక్కులు చూసినారు. వాళ్ళలో ఒకరిద్దరు యుద్ధంలో మెసపొటేమియా దాకా పోయొచ్చిన వాళ్ళు, ఇంకొకాయన నిషేధం రాకముందు చెంగయ్య చెట్టు కిందకి ఏటికి మూడొందల అరవై దినాలు పోయినవాడే. అందరికీ తెలుసు, అందరికీ అందరి సంగతీ తెలుసు. ఒక్కరి నాలికా లేవలేదు. అయ్యగారు తడిగుడ్డ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

చివరికి ఆయనే అన్నాడు, చెంగయ్యను పిలవండి, తెలిసినా తప్పులేని మనిషి ఆయన ఒక్కడే అని.

చెంగయ్య వచ్చి గడప అవతల గొంతుక్కూర్చున్నాడు. బీరువాలో ఉండిన సీసా విప్పి ఒక గ్లాసు ఇచ్చినారు. తాగి ఆకాశం వైపు చూసినాడు. గ్లాసు చాపినాడు, రెండోది పోసినారు. దాన్ని నోట్లో ఉంచుకొని ఆలోచించి మింగినాడు. ఇంకా తేలలేదన్నాడు. మూడోది కూడా అయినాక మూతి తుడుచుకున్నాడు.

"ఏంది చెంగయ్యా అది?" అన్నాడు మాస్టారు.

"అయ్యా, పన్నెండేళ్ళ కింద మీరంతా చేవ్రాళ్ళు పెట్టి మా చెట్లకు గీత ఆపించినారు. ఆ రుచి మరిచిపొమ్మని అయ్యగారు మా ఇంటికి మూడు నెలలు తిరిగి చెప్పినాడు. పెద్దమనిషి మాట తీసెయ్యకూడదని మరిచిపోయినా."

"కొంచెం కూడా గుర్తు లేదా?"

"సీసాలో మిగిలింది కూడా ఇస్తే గుర్తొస్తాదేమో, చెప్పలేను."

ఇయ్యలేదు. పంపించేసినారు. ఇంక చేసేదేముంది, రసంలో ఫలానా తప్పు ఉందని చెప్పే సాక్షి ఒక్కరూ లేరు గనక తప్పు లేదని తీర్మానం చెయ్యాల్సి వచ్చింది. మాస్టారు రాసింది రాసినట్టు పైకి చదివినాడు. ఈ సంవత్సరపు రసము ఎలిశబెతు చేతితో చేయబడినది. ఇందులో దోషమేమియు కానరాలేదు. పదిహేను మందీ వరసగా వచ్చి సంతకాలు పెట్టినారు. సాక్షిగా హెబ్రోను అందరికంటే ముందు పెట్టి, చివర గీత కూడా గీసినాడు.

"మాస్టారూ, అబ్రహాము తాత కట్టు కూడా ఆ పుస్తకంలోనే ఉంది గదా" అనింది ఎలిశబెతు, చాప మడుస్తా. "ఒకసారి చదవండి."

మాస్టారు పేజీలు వెనక్కి తిప్పినాడు. ఏ ఏటి రసము ఎవరి చేతితో జరుగునో ఆ ఏడు తోటపై మాట వారిదే. చదివి, కళ్ళద్దాలు తీసి, హెబ్రోను వైపు చూసినాడు. హెబ్రోనుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. గుమాస్తా గదా, ఏ కాగితం మీద సంతకం పెట్టినాడో పెట్టినాక చదువుకున్నాడు.

"ఇది అన్యాయం. గరిటె నేను తిప్పినాను" అన్నాడు.

"పొయ్యి దగ్గర ఉండినావా నాయనా నువ్వు?" అన్నాడు బొంగురు గొంతు పెద్ద, చాలా మర్యాదగా. "అయితే ఆ రసం గురించి నీకు తెలిసి ఉండాలే. ఏమయింది దానికి? నువ్వే చెప్పు."

హెబ్రోను కూర్చున్నాడు. మంగళవారం పొద్దున మొదటి బస్సుకే నిమ్మ అంట్ల గోనెసంచితో గూడూరు పోయినాడు. సెలవు ఇంకా ఒక దినం ఉండింది.

ఆయన పోయిన గంటకు ఎలిశబెతు పెరట్లో పొయ్యి రాజేసింది. మొగుడు వదిలిపోయిన తాళంచెవితో కొట్టుగది తలుపులు బార్లా తెరిచి, మిగిలిన సీసాలన్నీ తెచ్చి, పురికొసలు కోసి, మైనం చెక్కి, ఒక్కొక్కటే డేగిసాలో వంచింది. రసం కాగడం మొదలయ్యేసరికి వాసన సర్వి తోపు దాటి బజారుకు పోయింది. మరి కాసేపటికి కంచె అవతల ఒక్కొక్కరే జనం చేరినారు. సాకు లేని వాడు లేడు. ఒకాయనకు జలుబు, ఒకాయన భార్యకు నడుము నొప్పి, రెబెక్కమ్మ అయితే మనవరాలి చేత చెంబే పంపించింది. నాలుగు సీసాలు కాచకుండా అట్నే ఉంచకూడదా అమ్మా, మందుకు పనికొస్తాది అని బొంగురు గొంతు పెద్ద బతిమాలినాడు.

"ఏ మందుకు అన్నా?" అనింది ఎలిశబెతు, సీసా వంచుతానే.

 ఆయన కంచెకు ఇంకొంచెం దగ్గరికి జరిగినాడు. కంచె పట్టుకొని అందరూ ఆ ఆవిరి గాలిలో కలిసిపోవడం చూస్తా నిలబడినారు. చావు ఇంటి ముందర కూడా అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ నిలబడలేదు వాళ్ళు.

జకరయ్య మంచం మీద ఉండలేకపోయినాడు. చేతికర్ర తాటించుకుంటా వచ్చి, పొయ్యి పక్కన నేల మీద కూలబడినాడు. కాసేపు పొగకు దగ్గినాడు.

"డేగిసా దించిన దినమే తెలుసు నాకు" అన్నాడు మెల్లగా. "కాగలేదని తెలుసు. నిన్న కూడా తెలుసు, దించింది ఎవరో. వాడు నా కొడుకు గదా అని నోరు మూసుకున్నా. నువ్వూ ఒకరి బిడ్డవేనని నాకు గుర్తు రాలా."

ఎలిశబెతు కట్టె ఎగదోసింది. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, పొగ అని తుడుచుకొనింది. పదకొండేళ్ళ నుంచి ఆ మాట కోసం కాచుకొని ఉన్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు. చేతిలో గరిటె ఆయనకు ఇచ్చింది.

ఆయన తీసుకున్నాడు. తిప్పినాడు. పొరలు కమ్మిన కళ్ళు డేగిసా మీదికి వంచి నురుగును చూడబోయినాడు. కనపడలేదు. ఇంతకు ముందయితే కనపడినట్టే ఆజ్ఞ వేసేవాడు.

"దించమంటావా అమ్మా?" అని అడిగినాడు.

ఎలిశబెతు వంగి చూసింది. నురుగు ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇంకా లేదు మామా" అనింది.

"సరే" అని జకరయ్య మళ్ళా గరిటె తిప్పినాడు.